కార్డు కంటే ముందు స్లాటు చూడండి

పాత ఇంటి కంప్యూటర్లను భద్రపరచుకొని, వాటిని నేటికీ వాడుతున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయాన్ని అడిగాయి: ఫోటోలను ఉన్న రంగులతో ఉన్నట్టుగా చూపించే గ్రాఫిక్స్ కార్డు తమ యంత్రానికి దొరుకుతుందా, దొరికితే ఏది కొనాలి? అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: మా నాన్నగారు ఇంగ్లండులో వైద్యులుగా పనిచేసి, 1992లో తిరిగి వచ్చేటప్పుడు తన కమోడోర్ అమిగా 2000 కంప్యూటర్‌ను వెంట తెచ్చుకున్నారు. ఆయన పోయిన తరువాత అది చాలా ఏళ్లు అటక మీదే ఉంది. ఈమధ్య దింపి శుభ్రం చేయిస్తే చక్కగా పనిచేసింది. నాన్నగారి ఫోటోలను స్కాన్ చేసి అందులోనే చూడాలని మా కోరిక. కాని ముఖాల మీద మచ్చలు, అంచుల్లో రంగు చారలు కనిపిస్తున్నాయి. యంత్రంలో 68000 ప్రాసెసర్, కిక్‌స్టార్ట్ 1.3 (యంత్రాన్ని మొదలుపెట్టే, చిప్పులోనే ఉండే సాఫ్ట్‌వేర్), కార్డులు గుచ్చే స్లాటులో 8 ఎంబీ మెమరీ కార్డు ఉన్నాయి. దీనికి ఏ కార్డు కొనాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ చారల సంగతి చెబుతాను, ఎందుకంటే అవి మీ యంత్రం పాడైనందువల్ల వచ్చినవి కావు. అమిగా 2000కు మొత్తం 4,096 రంగుల పట్టిక ఉంటుంది. మామూలు తెరమీద వాటిలో 32 రంగులను మాత్రమే ఒకేసారి ఎంచుకోవచ్చు. ఫోటోలకోసం దానిలో హామ్ అనే ప్రత్యేక పద్ధతి ఉంది. అందులో తెరమీది ప్రతి చుక్కా (పిక్సెల్) తన ఎడమ పక్కనున్న చుక్క రంగును తీసుకొని, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో ఒక్కదాన్ని మాత్రమే మార్చుకోగలదు. లేదంటే ముందే నిర్ణయించిన 16 రంగులలో ఒకటి తీసుకోవాలి. నల్లని జుట్టు పక్కన తెల్లని చొక్కా వచ్చిన చోట మూడు రంగులూ ఒక్కసారిగా మారాలి, కాని ఒక్కొక్కటిగానే మారగలవు గనుక రెండు మూడు చుక్కల మేర రంగు చార మిగిలిపోతుంది. 1985లో మొదటి అమిగా వచ్చిన నాటికి ఇంటి కంప్యూటర్లో నాలుగు వేల రంగులు చూడడమే గొప్ప విశేషం కాబట్టి, ఆనాటివారు ఆ చారలను సంతోషంగా భరించారు.

నిజమైన రంగులు, అంటే ఎరుపు, పచ్చ, నీలాలకు ఒక్కొక్కదానికి 256 మెట్ల చొప్పున మొత్తం 1,67,77,216 రంగులు రావాలంటే, ప్రతి చుక్కకూ 24 బిట్లు కావాలి. అమిగా సొంత చిప్పులు బొమ్మను పొరలు పొరలుగా దాచుకుంటాయి: ఒక్కో బిట్టుకు ఒక్కో పొర. పెడనలో బట్ట మీద ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు వేసుకుంటూ పోయినట్టుగా ఆ పొరలన్నీ ఒకదానిమీద ఒకటి పడితేనే చుక్క రంగు తేలుతుంది. 24 బిట్ల కార్డు పని శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో ఉంటుంది. ప్రతి చోటా కావలసిన రంగును నేరుగా కలంతో దిద్దినట్టు, ఒక్కో చుక్కకు కావలసిన బైట్లన్నీ ఒకే చోట వరుసగా ఉంటాయి. ఈ రెండు పద్ధతులూ వేరు గనుకనే బయటి నుంచి కార్డు తెచ్చి అమర్చినంత మాత్రాన అమిగాకు దానితో మాట్లాడడం రాదు. మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఆర్‌టీజీ అని పిలిచే ఆ ఏర్పాటుకు సైబర్‌గ్రాఫిక్స్, పికాసో96 అనే రెండు ప్రసిద్ధమైన రూపాలున్నాయి.

ఇక స్లాటు. మీ యంత్రంలో ఉన్నవి జోరో 2 స్లాట్లు, అయిదు. అమిగా 3000, 4000లలో ఉన్నవి జోరో 3 స్లాట్లు. చూపులకు రెండూ ఒకటే. 100 పిన్నుల కనెక్టరు రెండింటికీ సమానమే, కార్డు కూడా చక్కగా కూర్చుంటుంది. అయినా ఫేజ్5 సంస్థవారి సైబర్‌విజన్ 64 జోరో 3లో మాత్రమే పనిచేస్తుంది. అదే సంస్థ తరువాత తెచ్చిన సైబర్‌విజన్ 64/3డీ రెండింటిలోనూ పనిచేస్తుంది. పేరులో రెండక్షరాల తేడా వల్ల డబ్బు నష్టపోయినవారు ఎందరో ఉన్నారు, కనుక అమ్మేవారిని ఈ ప్రశ్న తప్పక అడగండి. జర్మనీలోని విలేజ్ ట్రానిక్ వారి పికాసో 2, పికాసో 4 రెండూ మీ యంత్రానికి సరిపోతాయి. జీవీపీ సంస్థవారి ఈజీఎస్ స్పెక్ట్రమ్, పికోలో అనే మరో జర్మన్ కార్డు కూడా సరిపోతాయి. పికాసో 2లో సిరస్ లాజిక్ జీడీ5426 లేదా 5428 చిప్పు, 1 లేదా 2 ఎంబీ మెమరీ ఉంటాయి. పికాసో 4లో జీడీ5446 చిప్పు, 4 ఎంబీ మెమరీ ఉంటాయి.

మరొక జాగ్రత్త చెప్పాలి. పాత ప్రకటనలలో 24 బిట్లు అని రాసి ఉన్నంత మాత్రాన అది మీకు కావలసిన కార్డే అనుకోకండి. 1990ల మొదట్లో వచ్చిన ఓపల్‌విజన్, ఫైర్‌క్రాకర్ వంటివి తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో 24 బిట్ల బొమ్మను చూపించగలిగిన మంచి పరికరాలే. డీసీటీవీ, హామ్-ఈ అనేవి అమిగా వెనుక వైపు మానిటర్ తగిలించే ఆర్‌జీబీ పోర్టుకు పెట్టుకొనే పెట్టెలు. వీటిలో ఏదీ మీ వర్క్‌బెంచ్ తెరను, అంటే అమిగా మామూలు పనితెరను, ఆ రంగుల్లోకి తీసుకురాదు, మామూలు ప్రోగ్రాములకు ఆ రంగులు అందవు. ఓపల్‌విజన్ ఉన్నవారు దానితో వచ్చే చిత్రలేఖన ప్రోగ్రాములోనే పనిచేసుకోవాలి. చిత్రకారులైతే అది చాలు, మీ అవసరం వేరు.

మీ యంత్రంలో ఇప్పుడున్న స్థితిలో ఏ కార్డు తెచ్చినా పని జరగదు అని చెప్పక తప్పదు. మూడు అడ్డంకులున్నాయి. పికాసో96కు కనీసం కిక్‌స్టార్ట్ 2.04, 68020 ప్రాసెసర్ ఉండాలి. మీకు రెండూ లేవు. కిక్‌స్టార్ట్ చిప్పును 3.1కు మార్చడం సులభమైన పని, ఒక్క చిప్పు తీసి మరొకటి పెట్టడమే. ప్రాసెసర్ కోసం అమిగా 2000లో ప్రత్యేకంగా ఒక సీపీయూ స్లాటు ఉంది. అమిగా తయారీదారులైన కమోడోర్ వారి ఏ2630, అంటే 25 మెగాహెర్ట్జ్ 68030 ఉన్న బోర్డు, లేదా అటువంటి మరొక యాక్సిలరేటర్ (వేగవంతమైన ప్రాసెసర్ ఉన్న బోర్డు) అందులో కూర్చుంటుంది. మూడో అడ్డంకి చాలామందికి తట్టదు. జోరో 2లో విస్తరణ మెమరీకి, కార్డులకు కలిపి ఉన్న చిరునామాల చోటు 8 ఎంబీ మాత్రమే. మీ మెమరీ కార్డు ఆ 8 ఎంబీనీ ఆక్రమించుకొని కూర్చుంది. ఇప్పుడు 2 ఎంబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు వస్తే దానికి చోటు లేదు. యంత్రం మొదలైనా కార్డు కనిపించదు, కార్డు చెడిపోయిందని మీరు అనుకుంటారు. ఆ మెమరీ కార్డును 4 ఎంబీకి తగ్గించే జంపర్ (కార్డు మీది చిన్న మీట వంటి అమరిక) ఉంటే తగ్గించండి, లేకపోతే తీసివేసి, చిరునామాలలో 16 ఎంబీ హద్దుకు పైన తన మెమరీని పెట్టుకొనే 32 బిట్ల యాక్సిలరేటర్‌ను ఎంచుకోండి. ఏ2630 మీద ఉండే మెమరీ కూడా ఆ 8 ఎంబీ చోటులోకే వస్తుందని గుర్తుంచుకోండి.

వేగం గురించి కూడా ముందే తెలుసుకుంటే తరువాత నిరాశ ఉండదు. జోరో 2 బస్సు, అంటే ప్రాసెసర్‌కూ కార్డులకూ మధ్య బైట్లు ప్రయాణించే దారి, సెకనుకు సుమారు మూడున్నర ఎంబీకి మించి మోయలేదు. 640×480 తెరను 24 బిట్లలో నింపడానికి 9,21,600 బైట్లు కావాలి, అంటే ప్రాసెసర్ ఒక్క బొమ్మను కార్డులోకి పంపడానికే పావు సెకను పైగా పడుతుంది. ఫోటోలు చూడడానికి ఇది ఏమాత్రం ఇబ్బంది కాదు. కదిలే బొమ్మలకు మాత్రం పనికిరాదు. అసలు ఆలస్యం జేపెగ్ ఫైలును విప్పడంలో ఉంటుంది. ఆ లెక్కలన్నీ ప్రాసెసర్ చేయాలి గనుక 68030 ఉంటే మీకు తేడా బాగా తెలుస్తుంది. మెమరీ 2 ఎంబీ ఉంది గనుక ఇంకా పెద్ద తెర తెరవవచ్చు గదా అనిపిస్తుంది, కాని పికాసో 2లోని చిప్పు చుక్కలను తెరకు పంపగల వేగానికి ఒక హద్దు ఉంది. 24 బిట్లలో 640×480 దగ్గర స్థిరమైన బొమ్మ వస్తుందనుకొని సిద్ధపడండి. ఇంతకంటే పెద్దది కావాలంటే పికాసో 4 వెతకాలి, దాని ధర కూడా ఆ మేరకే ఉంటుంది.

మానిటర్ సంగతి. పాత ఆటలు, డీలక్స్ పెయింట్ అనే చిత్రలేఖన ప్రోగ్రాము పాత రూపాలు నేరుగా అమిగా చిప్పులతోనే పనిచేస్తాయి, కార్డు ద్వారా రావు. అందుకని పికాసో 2లో అమిగా వీడియోను ఒక తీగ ద్వారా కార్డులోకి తెచ్చి, అవసరమైనప్పుడు అదే మానిటర్‌కు పంపే ఏర్పాటు ఉంది. కాని అమిగా వీడియో 15 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, మామూలు వీజీఏ మానిటర్ 31 కిలోహెర్ట్జ్‌కు తక్కువైతే చీకటి తెర చూపిస్తుంది. రెండింటినీ పట్టుకొనే మల్టీసింక్ మానిటర్ కావాలి, లేదా వీడియో స్లాటులో ఒక ఫ్లికర్ ఫిక్సర్ (అమిగా వీడియోను వీజీఏ మానిటర్‌కు తగ్గట్టు మార్చే బోర్డు) పెట్టుకోవాలి. పికాసో 4లో ఫ్లికర్ ఫిక్సర్ లోపలే ఉంది. దాని విలువలో సగం అదేనని నా అభిప్రాయం.

ముప్పై ఏళ్ల కార్డుల కోసం వెతకనవసరం లేని దారులూ ఇప్పుడు ఉన్నాయి. బెర్లిన్‌లోని ఎంఎన్‌టీ సంస్థ తయారుచేసిన జెడ్‌జెడ్9000 కార్డు జోరో 2, జోరో 3 రెండింటిలోనూ కూర్చొని, హెచ్‌డీఎంఐ ద్వారా 1920×1080 వరకు 32 బిట్ల రంగుల్లో చూపిస్తుంది. దానితోపాటు వీడియో స్లాటులో పెట్టే చిన్న బోర్డు వల్ల అమిగా సొంత తెర కూడా అదే తీగ మీద వస్తుంది. మరొకటి పైస్టార్మ్. ఇది 68000 చిప్పును తీసి, ఆ సాకెట్లో ఒక చిన్న బోర్డునూ, దానిమీద రాస్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌నూ పెట్టే పద్ధతి. ఎము68 అనే సాఫ్ట్‌వేర్ 68040 వలె నడుస్తుంది, గ్రాఫిక్స్ మెమరీ రాస్‌బెర్రీ పైలోనే ఉంటుంది గనుక జోరో బస్సు ఇరుకు దానికి అడ్డురాదు, బొమ్మ పై హెచ్‌డీఎంఐ నుంచి వస్తుంది. పైన చెప్పిన ప్రాసెసర్, చోటు, వేగం అనే మూడు చిక్కులూ ఒక్కసారిగా తీరతాయి, ఖర్చు కూడా అన్నిటికంటే తక్కువ.

మీకు నా సలహా ఇది. ఇది మీ నాన్నగారి చేతి వస్తువు. దాని లోపలి చిప్పులు చాలావరకు ఆయన వాడినవే ఉండాలని మీకు అనిపిస్తే, యాక్సిలరేటర్‌నూ, పికాసో 2నూ నిదానంగా వెతికి సమకూర్చుకోండి. ఒక ఏడాది పట్టినా పట్టవచ్చు. ఈ సంక్రాంతికే ఆయన ఫోటోలను ఆ తెర మీద చూడాలంటే పైస్టార్మ్ తీసుకోండి. తీసిన 68000 చిప్పును స్థిరవిద్యుత్తు తగలని సంచిలో పెట్టి, పెట్టెలోనే భద్రపరచండి. ఏ రోజైనా తిరిగి పెట్టుకోవచ్చు. రెండింటిలో నేనైతే రెండోదానితో మొదలుపెట్టి, మొదటిదాని కోసం వెతుకుతూ ఉంటాను.

ప్రశ్న: నా దగ్గర 1993లో కొన్న అమిగా 1200 ఉంది. దానికి జోరో స్లాటు లేదు. 24 బిట్ల రంగులు నాకు అందని పండేనా?
– ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: డబ్బు ఖర్చు పెట్టకముందు మీ యంత్రంలో ఇప్పటికే ఉన్నది పూర్తిగా వాడుకున్నారా అని అడుగుతాను. 1992లో అమిగా 1200, 4000లతో వచ్చిన ఏజీఏ చిప్పులకు రంగుల పట్టిక 24 బిట్లదే. తెర మీద ఒకేసారి 256 రంగులు వస్తాయి. దానిలోని హామ్8 పద్ధతి 2,62,144 రంగుల వరకు చూపిస్తుంది, పాత హామ్‌లో కనిపించే చారలు ఇందులో చాలావరకు కంటికి ఆనవు. ఫోటోలు చూసి తృప్తిపడేవారికి ఇది చాలు. ఎడిటింగ్ చేయాలంటే మాత్రం చాలదు, ఎందుకంటే ప్రతి మార్పుకూ బొమ్మను మళ్లీ హామ్8లోకి మార్చుకోవాలి.

చాలకపోతే మీ యంత్రానికి అడుగున తలుపు కింద ఉన్న విస్తరణ కనెక్టరే దారి. ఆ రోజుల్లో ఫేజ్5 వారు బ్లిజర్డ్ పీపీసీ అనే యాక్సిలరేటర్‌నూ, దానికి అతికే బీవిజన్ అనే గ్రాఫిక్స్ బోర్డునూ తెచ్చారు. బీవిజన్‌లో పర్మీడియా 2 చిప్పు, 8 ఎంబీ మెమరీ ఉంటాయి. చాలా మంచి జత, కాని దొరకడం కష్టం, దొరికినప్పుడు దాని ధరకు నేటి కంప్యూటర్ ఒకటి కొనవచ్చు. పోలండులోని ఎల్‌బాక్స్ వారి మీడియేటర్ బోర్డు పెట్టుకుంటే పీసీఐ స్లాట్లు వస్తాయి, వాటిలో వూడూ 3 వంటి పీసీ కార్డులను వాడవచ్చు. అయితే ఇందుకోసం సాధారణంగా మదర్‌బోర్డును టవర్ పెట్టెలోకి మార్చాలి. మీ 1200 దాని సొంత పెట్టెలోనే ఉండాలంటే పైస్టార్మ్32 లైట్ అనేది ఆ తలుపు కింద సరిపోతుంది. మీ ప్రాసెసర్ ఇప్పటికే 68020 జాతికి చెందినది, కిక్‌స్టార్ట్ 3.0 కనుక గుంటూరు పాఠకురాలికి ఉన్న అడ్డంకులు మీకు లేవు. అయితే ఏది పెట్టినా పాత విద్యుత్ పెట్టె మీద బరువు పెరుగుతుంది. 1200తో వచ్చిన అడాప్టర్ బలహీనమైనది. 5 వోల్టుల వద్ద ధారాళంగా కరెంటు ఇచ్చే కొత్త సరఫరాను ముందు ఏర్పాటు చేసుకోండి. సగం సమస్యలు అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: 16 బిట్ల రంగులు చాలవా? 65,536 రంగులకూ కోటిన్నర పైచిలుకు రంగులకూ కంటికి తేడా తెలుస్తుందా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: బొమ్మను బట్టి. 16 బిట్లలో ఎరుపుకు 5, పచ్చకు 6, నీలానికి 5 బిట్లు ఇస్తారు. మన కన్ను పచ్చలోని తేడాలను ఎక్కువగా పసిగడుతుంది గనుక మిగిలిన బిట్టు దానికి. జనం కిక్కిరిసిన తిరునాళ్ల ఫోటోలో మీరు తేడా కనిపెట్టలేరు. సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో తీసిన ఆకాశం ఫోటోలో వెంటనే కనిపెడతారు, ఎందుకంటే నెమ్మదిగా మారవలసిన నీలం 32 మెట్లుగా విడిపోయి పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. బస్సు ఇరుకైన యంత్రాలలో రోజువారీ పనికి 16 బిట్ల తెర పెట్టుకొని, ఫోటోలు చూసేటప్పుడు మాత్రమే 24 బిట్లకు మారడం తెలివైన పద్ధతి. పంపవలసిన బైట్లు మూడింట ఒక వంతు తగ్గుతాయి.

ప్రశ్న: మా ఇంట్లో 486 కంప్యూటర్ ఉంది, విండోస్ 3.1 నడుస్తోంది. ట్రైడెంట్ కార్డులో 1 ఎంబీ మెమరీ ఉన్నా 256 రంగులకు మించి రావడం లేదు. మరింత మెమరీ వేయించాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అవసరం లేదు, దానివల్ల ఫలితమూ ఉండదు. 640×480 తెరకు 24 బిట్లలో 9,21,600 బైట్లు చాలునని పైన చెప్పాను. 1 ఎంబీ అంటే 10,48,576 బైట్లు. మెమరీ సరిపోయింది. లోపం వేరే చోట ఉంది. కార్డులోని అంకెలను మానిటర్‌కు కావలసిన వోల్టేజీగా మార్చే చిప్పును డాక్ అంటారు. మీ ట్రైడెంట్ 8900 తరం కార్డులలో చాలావాటిమీద ఉన్న డాక్ 256 రంగుల పట్టిక పద్ధతికి మాత్రమే తయారైనది. నీళ్లట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా ఉంటే ధార సన్నగానే వస్తుంది గదా, ఇదీ అంతే.

మీరు మూత విప్పి మదర్‌బోర్డు మీది స్లాట్లను చూడండి. అన్నీ నల్లని ఐఎస్ఏ స్లాట్లే అయితే సిరస్ లాజిక్ జీడీ5426, 5428 లేదా 5434 చిప్పు ఉన్న ఐఎస్ఏ కార్డును వెతకండి. మొదటి రెండింటిలో 24 బిట్ల డాక్ చిప్పు లోపలే ఉంటుంది. గుంటూరు పాఠకురాలికి చెప్పిన పికాసో 2లో ఉన్నది కూడా సరిగ్గా ఇదే చిప్పు. అమిగావారు ఎంతో ధర పెట్టి కొనే దాన్ని మీరు పాత సామాను కుప్పలో వెతుక్కోవచ్చు. ఐఎస్ఏ స్లాటుకు కొనసాగింపుగా వెనుక గోధుమరంగులో మరో పొడుగాటి కనెక్టరు ఉంటే అది వెసా లోకల్ బస్సు. ఐఎస్ఏ సుమారు 8 మెగాహెర్ట్జ్ వద్ద 16 బిట్లు మోస్తే, ఇది 33 మెగాహెర్ట్జ్ వద్ద 32 బిట్లు మోస్తుంది. తేడా ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు. ఆ స్లాటుకు ఎస్3 ట్రయో64 గాని, సెంగ్ ల్యాబ్స్ ఈటీ4000/డబ్ల్యూ32పీ గాని దొరికితే వదలకండి. ఆ కార్డు పొడవుగా ఉంటుంది, గట్టిగా నొక్కితే మదర్‌బోర్డు వంగుతుంది. కింద మందపాటి అట్ట పెట్టి నెమ్మదిగా నొక్కండి. పీసీఐ స్లాట్లు ఉంటే మీకు చిక్కే లేదు, ట్రయో64 పీసీఐ కార్డులు ఇంకా తేలికగా దొరుకుతాయి.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కార్డుల డబ్బాలు వెతకడానికి ఒక పూట కేటాయించండి. దుకాణదారును కంపెనీ పేరు అడగకండి, కార్డును చేతిలోకి తీసుకొని చిప్పు మీద అచ్చువేసిన అంకె మీరే చదవండి. ఒక చిన్న టార్చి, భూతద్దం వెంట తీసుకువెళ్లండి. విండోస్ 3.1కు ఆ చిప్పు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ విడిగా కావాలి, అది లేకపోతే ఏ కార్డయినా 16 రంగుల దగ్గరే ఆగిపోతుంది. విండోస్ 95 వేసుకునే శక్తి మీ యంత్రానికి ఉంటే ఎస్3, సిరస్ డ్రైవర్లు అందులోనే ఉంటాయి.

ప్రశ్న: విదేశాల నుంచి పాత గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకుంటున్నాను. నా దగ్గర అమిగా 4000 ఉంది. అమ్మేవారిని ఏమేమి అడగాలి, కార్డు వచ్చాక ఏమేమి చూడాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: కార్డు సంగతి తరువాత, ముందు మీ 4000 పెట్టె విప్పి గడియారం బ్యాటరీని చూడండి. 2000, 3000, 4000 మూడింటిలోనూ మదర్‌బోర్డు మీద అతికించిన నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఇన్నేళ్లకు అది కారకుండా ఉండడం అరుదు. కారిన క్షారం రాగి గీతలను తినేస్తుంది; అది తెలియక కొత్త కార్డు పెట్టి, పనిచేయకపోతే కార్డును నిందించినవారిని నేను చూశాను. బ్యాటరీని కత్తిరించి తీసివేయించండి, పచ్చని పూత కనిపించిన చోట తెల్ల వినెగర్‌తో తుడిచి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించండి. 4000లో అతికించిన చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కూడా కారుతాయి. వాటిని మార్చడం ఇష్టానికి వదిలేసే పని కాదు, తప్పక చేయించవలసినది. విలువలు రాసుకొని కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళితే కెపాసిటర్లు దొరుకుతాయి. అతికించే పని మాత్రం సర్ఫేస్ మౌంట్ పని వచ్చిన చేతికే అప్పగించండి.

అమ్మేవారిని మొదట అడగవలసినది కార్డు వెనుకా ముందూ స్పష్టమైన ఫోటోలు. వాటిలో చిప్పు పేరు, మెమరీ చిప్పుల లెక్క కనిపించాలి. మీది జోరో 3 యంత్రం గనుక సైబర్‌విజన్ 64 కూడా మీకు పనికివస్తుంది; పికాసో 4, సైబర్‌విజన్ 64/3డీ ఎలాగూ పనికివస్తాయి. పికాసో 2 కూడా మీ యంత్రంలో నడుస్తుంది గాని జోరో 2 వేగంతోనే నడుస్తుంది, మీకు ఉన్న వెడల్పాటి రహదారి వృథా అవుతుంది. మెమరీ 2 ఎంబీ అయితే 1024×768 తెరను 16 బిట్లలో (15,72,864 బైట్లు) పెట్టుకోవచ్చు, 24 బిట్లలో పెట్టుకోలేరు. 4 ఎంబీ ఉంటే ఆ బెంగ ఉండదు. ఈ లెక్కను కాగితం మీద వేసుకొని, మీకు కావలసిన తెరకు ఎంత మెమరీ కావాలో తేల్చుకున్నాకే ధర మాట్లాడండి.

తీగల గురించి అడగడం మరువకండి. ఇది నా అనుభవం. కొన్నేళ్ల కిందట ఒక విదేశీ విక్రేత దగ్గర కార్డు కొన్నాను. కార్డు బాగానే వచ్చింది, కాని అమిగా వీడియోను దానిలోకి తెచ్చే తీగ రాలేదు. ఒక చివర 23 పిన్నుల కనెక్టరు ఉండే ఆ తీగ నాకు బజారులో దొరకలేదు. చివరకు 25 పిన్నుల కనెక్టరును రంపంతో రెండు పిన్నుల మేర కోసి, తీగలు ఒక్కొక్కటిగా అతికించి తయారుచేసుకున్నాను. రెండు ఆదివారాలు పట్టింది. ఆ పని మీకు అవసరం రాకుండా ఉండాలంటే డబ్బు పంపకముందే తీగ ఫోటో అడగండి. కార్డు నడుస్తుండగా 24 బిట్ల తెర తీసిన ఫోటో కూడా అడగవచ్చు, నిజాయితీగల విక్రేత కాదనడు.

కార్డు చేతికి వచ్చాక, కరెంటు తీసివేసి, యంత్రం లోహపు భాగాన్ని ఒకసారి తాకి, అంచు మీది పసుపు రేకులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్లాటులో నిటారుగా కూర్చోబెట్టండి. మొదట సాఫ్ట్‌వేర్ ఏదీ వేయకుండా యంత్రాన్ని నడిపి, మొదలయ్యే ముందు రెండు మౌస్ బొత్తాలూ కలిపి నొక్కి పట్టుకుంటే వచ్చే తొలి మెనూలో విస్తరణ బోర్డుల పట్టికను చూడండి. అందులో కార్డు కనిపిస్తే సగం గట్టెక్కినట్టే. కనిపించకపోతే పికాసో96ను ఎన్నిసార్లు వేసినా లాభం లేదు, మరొక స్లాటులో ప్రయత్నించండి. కనిపించాక పికాసో96 వేసి, 640×480 తెరను 24 బిట్లలో తెరవండి.

ఇక కార్డు నిజంగా 24 బిట్లు చూపుతున్నదో లేదో తేల్చే పరీక్ష ఒకటి ఉంది. 512 చుక్కల వెడల్పున, ఎడమన పూర్తి నలుపు, కుడిన పూర్తి తెలుపు ఉండేట్టు నెమ్మదిగా మారే బూడిదరంగు పట్టీని ఏదైనా నేటి కంప్యూటర్లో తయారుచేసుకొని, పీఎన్‌జీ ఫైలుగా దాచి, అమిగాలో తెరిచి చూడండి. 24 బిట్లయితే 256 మెట్లు, ఒక్కో మెట్టు రెండు చుక్కల వెడల్పు. కంటికి మెట్లే కనిపించవు. 16 బిట్ల తెర అయితే 16 చుక్కల వెడల్పున 32 నిలువు పట్టీలు, వాటి మధ్య కొన్ని చోట్ల పచ్చని లేదా గులాబీ రంగు ఛాయ కనిపిస్తాయి. పట్టీలు కనిపిస్తే కార్డును తప్పుపట్టకముందు, చూపించే ప్రోగ్రాము 24 బిట్ల తెరను తెరిచిందో లేదో, పిక్చర్ డేటాటైప్ (బొమ్మల ఫైళ్లను చదివి చూపించే అమిగా సాఫ్ట్‌వేర్ భాగం) పాత రూపం కాకుండా 43 లేదా ఆ తరువాతిది ఉందో లేదో చూసుకోండి. వర్క్‌బెంచ్ 3.0తో వచ్చిన పాత డేటాటైప్ ఎంత మంచి కార్డు మీదనైనా బొమ్మను 256 రంగులకు కుదించే చూపిస్తుంది.